“ప్రైవసీకి 85 లక్షలా, తిరిగి ఏమొస్తుంది?” అని సీఎఫ్ఓ అడిగితే ఏం చెప్పాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది హైదరాబాద్‌లో 350 మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఆసుపత్రులకు బిల్లింగ్, పేషెంట్ రికార్డుల సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తారు. మన దేశంలో నలభై దాకా ఆసుపత్రులు, జర్మనీలో ఇద్దరు కస్టమర్లు. డేటా ప్రైవసీ ప్రోగ్రామ్‌కు మొదటి ఏడాది 85 లక్షలు కావాలని మీరు నోట్ పెట్టారు. సీఎఫ్ఓ (కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతి) గారు “250 కోట్ల ఫైన్ సంగతి సరే, ఈ 85 లక్షలకు తిరిగి ఏమొస్తుంది?” అని వెనక్కి పంపారు. ఇప్పుడేం చెప్పాలి అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. ఫైన్ భయం చూపించి డబ్బు అడగకండి. ప్రైవసీ సరిగ్గా లేనందువల్ల మీ కంపెనీ ఇప్పటికే ఎంత ఖర్చు పెడుతోందో లెక్క తీసి చూపించండి. ఆ ఖర్చు ప్రైవసీ అనే పేరుతో ఏ పద్దులోనూ కనిపించదు. సంతకం కాకుండా ఆగిన బేరాల్లో, డెవలపర్ల గంటల్లో, లాయర్ ఫీజులో, ఎవరూ తెరవని బ్యాకప్‌ల అద్దెలో చెల్లాచెదురుగా ఉంటుంది. దాన్ని ఒక చోటికి తెస్తే, మీరు అడుగుతున్న 85 లక్షల్లో కొత్త ఖర్చు ఎంత, పాత ఖర్చుకు బదులుగా వచ్చేది ఎంత అన్నది తేలుతుంది. నేను 14 ఏళ్ళుగా ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీలో ఉన్నాను. అందులో చివరి ఎనిమిదేళ్ళు ప్రైవసీ పనే, రెండు చోట్ల హెల్త్ డేటాతోనే. ఇలా లెక్క తీసుకుని వెళ్ళినప్పుడు అడిగినంతా రాకపోయినా, ఖాళీ చేతులతో మాత్రం ఎప్పుడూ తిరిగి రాలేదు.

ముందు ఆ 250 కోట్ల ఫైన్ సంగతి

2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో 250 కోట్లు అనేది గరిష్ఠ పరిమితి. డేటాకు తగిన భద్రత ఏర్పాట్లు చేయనందుకు వేయగలిగిన అత్యధిక పెనాల్టీ అది. చట్టం కింద పెనాల్టీలు వేసే డేటా ప్రొటెక్షన్ బోర్డు ఎంత వేయాలో నిర్ణయించేటప్పుడు తప్పు తీవ్రత, ఎంతకాలం సాగింది, ఎలాంటి డేటా, మళ్ళీ మళ్ళీ జరిగిందా, నష్టం తగ్గించడానికి కంపెనీ ఏం చేసింది ఇవన్నీ చూడాలని చట్టంలోనే ఉంది. గరిష్ఠ అంకెను పట్టుకుని వెళ్తే ఫైనాన్స్ వాళ్ళు నమ్మరు, నమ్మకపోవడం సరైనదే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విషయంలో బ్రిటన్ రెగ్యులేటర్ 2019లో 18.3 కోట్ల పౌండ్లు వేస్తామని నోటీసు ఇచ్చి, 2020లో చివరికి వేసింది 2 కోట్ల పౌండ్లు. వార్తల్లో వచ్చే అంకె వేరు, కట్టే అంకె వేరు.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. పేషెంట్ల డేటాకు సంబంధించి మన చట్టం ప్రకారం ఆసుపత్రి డేటా ఫిడ్యూషియరీ, అంటే డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థ. మీరు వాళ్ళ తరఫున ఆ డేటాను నడిపే డేటా ప్రాసెసర్. చట్టం బాధ్యతను ప్రధానంగా ఫిడ్యూషియరీ మీదే పెట్టింది, ప్రాసెసర్ వల్ల తప్పు జరిగినా సరే. కాబట్టి “మనకు 250 కోట్లు పడుతుంది” అని మీరు రాస్తే, మీ కంపెనీ లాయర్ మొదటి నిమిషంలోనే కొట్టిపారేస్తారు. మీ సొంత ఉద్యోగుల డేటాకు మాత్రం మీరే ఫిడ్యూషియరీ, ఆ తేడా నోట్‌లో రాయండి. పేషెంట్ డేటా వైపు నుంచి దెబ్బ మీకు కాంట్రాక్ట్ ద్వారా వస్తుంది. ఆసుపత్రికి పడిన నష్టం మీ దగ్గర రాబట్టుకుంటామనే క్లాజు ఇప్పటికే ఎన్ని కాంట్రాక్టుల్లో ఉందో లీగల్ వాళ్ళను అడిగి, ఆ క్లాజుల్లో పరిమితి ఎంత ఉందో పట్టిక వేయండి. ఆ పట్టికలోని అంకె 250 కోట్ల కంటే చిన్నది కావచ్చు, కానీ అది మీ అంకె. ఒక కంపెనీలో మేం ఈ పని చేస్తే, 31 కాంట్రాక్టుల్లో 7 చోట్ల పరిమితే లేదని బయటపడింది. ఏళ్ళ కిందట తొందరలో సంతకాలు పెట్టారు. ఆ ఒక్క కాగితం చూసి ఎండీ గారు తనంతట తానే మీటింగ్ పెట్టమన్నారు.

జర్మనీ వైపు సంగతి వేరు. 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ (యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ చట్టం) ప్రాసెసర్ల మీద కూడా నేరుగా బాధ్యతలు పెట్టింది. తగిన హామీ ఇవ్వగలిగిన ప్రాసెసర్‌కే పని ఇవ్వాలని కస్టమర్ మీద కూడా షరతు ఉంది. అంటే మీ దగ్గర ప్రోగ్రామ్ లేకపోతే, మీకు పని ఇవ్వడమే వాళ్ళకు తప్పు అవుతుంది.

ఫైన్ కంటే మిగతా ఖర్చే పెద్దది

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ బ్రిటన్ టెలికాం కంపెనీ టాక్‌టాక్. 2015 అక్టోబర్‌లో లక్షన్నరకు పైగా కస్టమర్ల వివరాలు పోయాయి. రెగ్యులేటర్ వేసిన ఫైన్ 4 లక్షల పౌండ్లు. కంపెనీ చెప్పిన మొత్తం ఖర్చు దాదాపు 6 కోట్ల పౌండ్లు, లక్ష మంది దాకా కస్టమర్లు వెళ్ళిపోయారు. ఫైన్‌కు 150 రెట్లు.

ఎలా పోయిందన్నది ఇంకా ముఖ్యం. 2009లో వాళ్ళు టిస్కాలీ అనే సంస్థ బ్రిటన్ వ్యాపారాన్ని కొన్నారు. దానితోపాటు వచ్చిన పాత వెబ్‌పేజీలు కొన్ని ఇంకా నడుస్తున్నాయని, వాటి వెనక కస్టమర్ల డేటా ఉందని వాళ్ళకే తెలియదు. ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపానికి పరిష్కారం 2012లోనే వచ్చింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు. మన దగ్గర ఏ డేటా ఎక్కడ ఉందో రాసిపెట్టుకోవడం, అంటే డేటా మ్యాప్, ప్రైవసీ ప్రోగ్రామ్‌లో అన్నిటికంటే చవకైన పని. ముందు అడగాల్సింది దానికే.

లెక్క ఎలా వేయాలి

లెక్కలో మూడు భాగాలుంటాయి.

మొదటిది, డేటా పోతే వచ్చే నష్టం. ఏ రిపోర్టులోనో ఉన్న దేశవ్యాప్త సగటును ఎత్తి రాయకండి, అది మీ కంపెనీది కాదు. మీ కంపెనీలోనే నలుగురిని కూర్చోబెట్టి అడగండి. డేటా ఎలా పోయిందో వెతికే ఫోరెన్సిక్ టీమ్‌ను పిలిస్తే ఎంత, లాయర్లకు ఎంత, ఆసుపత్రుల హెల్ప్‌డెస్క్ ఫోన్లకు ఎంతమంది కావాలి, ఎన్ని వారాలు కొత్త పని ఆగిపోతుంది, ఎన్ని ఆసుపత్రులు రెన్యూ చేయకపోవచ్చు? ఒక్క అంకె కాకుండా కనిష్ఠం, గరిష్ఠం తీసుకోండి. ఉదాహరణకు ఒక ఘటనకు 3 నుంచి 6 కోట్లు, ఎనిమిదేళ్ళకో ఐదేళ్ళకో ఒకసారి జరగవచ్చు అనుకుందాం. ఏడాదికి సుమారు 37 లక్షల నుంచి 1.2 కోట్ల నష్టం అంచనా.

ఇక్కడ ఒక జాగ్రత్త. మేరీల్యాండ్ యూనివర్సిటీకి చెందిన గోర్డన్, లోబ్ 2002లో ఇచ్చిన ఒక నమూనా ఉంది. భద్రత మీద పెట్టే ఖర్చు, మనం అంచనా వేసిన నష్టంలో 37 శాతం దాటితే సాధారణంగా గిట్టుబాటు కాదని అది చెప్తుంది. మీ సీఎఫ్ఓ గారికి ఈ సంగతి తెలిసి ఉండవచ్చు. పై అంకెలకు దాన్ని పెడితే 14 నుంచి 44 లక్షలే వస్తుంది. అంటే డేటా పోతుందనే భయం ఒక్కదానితో మీ 85 లక్షలు నిలబడవు. ఈ మాట మీరే ముందు చెప్పండి. వాళ్ళు చెప్పేదాకా ఆగితే మీ మిగతా లెక్కలను కూడా అనుమానంగా చూస్తారు.

రెండోది, సేల్స్. నాకు తెలిసి అన్నిటికంటే బలమైన భాగం ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. మీ జర్మనీ కస్టమర్ సంతకానికి ముందు ఎక్సెల్ షీట్ పంపి ఉంటారు, రెండు మూడు వందల ప్రశ్నలతో. “డేటా ఏ దేశంలో నిల్వ చేస్తారు, ఎన్నాళ్ళకు చెరిపేస్తారు, మీ సబ్ కాంట్రాక్టర్లు ఎవరు” ఇలా. మా దగ్గర ఒక ఏడాదిలో ఇలాంటివి 26 వచ్చాయి. ప్రతిదానికీ సేల్స్‌లో ఒకరు, ఇద్దరు ఆర్కిటెక్టులు, లీగల్‌లో ఒకరు కలిసి సగటున 35 గంటలు పెట్టారు. మొత్తం 910 గంటలు. గంటకు 1,200 రూపాయలు వేసుకుంటే దాదాపు 11 లక్షలు. ప్రైవసీ టీమ్ జవాబులన్నీ ఒకచోట రాసి, రుజువులు జతచేసి పెట్టాక ఒక్కోదానికి పట్టే సమయం 9 గంటలకు దిగింది. ఏడాదికి 8 లక్షల పైచిలుకు మిగిలింది, అది కూడా ఆర్కిటెక్టుల సమయం.

ఆలస్యం ఖరీదు దీనికి అదనం. ఏడాదికి 1.8 కోట్ల కాంట్రాక్ట్ ఒకటి కేవలం ఈ జవాబుల కోసం 11 వారాలు ఆగింది. ఆ 11 వారాల రాబడి 38 లక్షలు. కానీ 38 అని రాయకండి. మార్జిన్ 40 శాతం అయితే పోయింది 15 లక్షలే, అదే రాయండి. రాబడిని లాభంగా చూపించారని తెలిస్తే ఫైనాన్స్ వాళ్ళు ఇక మీ నోట్ చదవరు.

ఇప్పుడు ఈ ఒత్తిడి దేశం లోపలి నుంచి కూడా వస్తుంది. 2025 నవంబర్‌లో ఆ 2023 చట్టం కింద డీపీడీపీ రూల్స్ నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. ప్రాసెసర్లతో చేసుకునే కాంట్రాక్టులో భద్రత షరతులు ఉండాలని, ఎవరు ఎప్పుడు డేటా తెరిచారో చూపే లాగ్‌లు ఏడాదైనా దాచాలని ఆ రూల్స్ చెప్తున్నాయి. మీ నలభై ఆసుపత్రులూ అప్పటిలోగా మీకు కొత్త కాంట్రాక్ట్ పంపాల్సిందే. డేటా పోతే వాళ్ళు బోర్డుకు వెంటనే చెప్పి, 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) 2022లో పెట్టిన, ఘటనను 6 గంటల్లో తనకు తెలపాలనే గడువు దానికి అదనం, అది మీకూ వర్తిస్తుంది. అందుకే “మాకు ఇన్ని గంటల్లో చెప్పాలి” అని మీ మీద గడువు పెడతారు. శనివారం రాత్రి 2 గంటలకు మీ దగ్గర ఫోన్ ఎత్తేది ఎవరు? ఆ పేరు మీ నోట్‌లో ఉందా? 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్‌తో (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఆగిపోయి, రోజుల తరబడి పనంతా కాగితాల మీద నడిచింది. అది గుర్తున్న ఏ ఆసుపత్రి ఐటీ హెడ్ అయినా ఈ ప్రశ్న అడుగుతారు.

ఇందులో రాబడి కూడా ఉంది. సమ్మతి అడిగేటప్పుడు ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు పేషెంట్‌కు ఇవ్వాలని చట్టం అంటోంది. ఇవాళ ఓపీ కౌంటర్ దగ్గర జరుగుతున్నది మీరూ చూసే ఉంటారు. స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో నాలుగు పేరాలు వస్తాయి, పేషెంట్ కౌంటర్ ఇటువైపు నిలబడి ఉంటారు, ఆపరేటర్ తనే టిక్ పెట్టేసి “నెక్స్ట్” అంటాడు. ఆ పేషెంట్ చదవగలిగిన తెలుగులో, ఫోన్‌కు వచ్చే సమ్మతి ఫారం మీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, ఆసుపత్రులు దాన్ని డబ్బు పెట్టి కొంటాయి. అది ప్రైవసీ ఖర్చు కాదు, మీ ప్రొడక్ట్‌లో కొత్త ఫీచర్. దాన్ని ప్రొడక్ట్ బడ్జెట్‌లో అడగండి.

మూడోది, అక్కర్లేని డేటా. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

నేను పనిచేసిన ఒక హెల్త్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మొదటిసారి బడ్జెట్ అడిగినప్పుడు నాకూ మీలాగే ఎదురైంది. నేనూ గరిష్ఠ ఫైన్ల స్లైడ్‌తోనే వెళ్ళాను. పదిహేను నిమిషాల్లో బయటికి వచ్చేశాను. తర్వాత నెల రోజులు ఏ డబ్బూ లేకుండా, ఇద్దరు డెవలపర్ల సాయంతో, ఏ సర్వర్‌లో ఏముందో రాసుకుంటూ పోయాను. టెస్టింగ్ సర్వర్‌లో “టెస్ట్ కాపీ ఫైనల్ 2” అనే డేటాబేస్ కనిపించింది. మూడేళ్ళ కిందట ఒక బగ్ వెతకడానికి ఎవరో అసలు డేటాను కాపీ చేసి, తీసేయడం మర్చిపోయారు. ఆ మనిషి కంపెనీ మారి కూడా రెండేళ్ళయింది. టెస్టింగ్ టీమ్‌లో అందరికీ ఒకటే పాస్‌వర్డ్.

రెండోసారి మీటింగ్‌కు స్లైడ్ తీసుకెళ్ళలేదు. లాప్‌టాప్ తీసుకెళ్ళి ఫైనాన్స్ హెడ్ గారి పక్కన కూర్చుని, పేరు, ఫోన్ నంబరు కనిపించకుండా ఒక్క వరుస తెరిచాను. ఆడ మనిషి, 31 ఏళ్ళు, ఒక జిల్లా కేంద్రం, సంతానం కోసం ట్రీట్‌మెంట్, భర్త పరీక్ష ఫలితం, డాక్టర్ రాసిన రెండు లైన్లు. “సార్, ఇలాంటివి ఇక్కడ నాలుగు లక్షల వరుసలు ఉన్నాయి, ఆఫీసులో అరవై మంది తెరవగలరు” అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “ఇది చెరిపేయడానికి ఎంత అవుతుంది?” అని అడిగారు. అప్పటిదాకా ఆయన ప్రశ్న “ఏమొస్తుంది” అన్నదే.

కార్డు నంబరు పోతే బ్యాంకు కొత్త కార్డు ఇస్తుంది. ఒక ఇంటి రహస్యం ఊళ్ళో తెలిస్తే దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. హెల్త్ డేటాతో పనిచేసేవాళ్ళు ఈ మాట లెక్కల మీటింగ్‌లో కూడా చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే చెప్పడానికి ముందు లెక్కలు సరిగ్గా ఉండాలి, లేకపోతే సెంటిమెంట్ అని కొట్టిపారేస్తారు.

ఆ చెరిపివేతలో డబ్బు కూడా మిగిలింది. పాత కాపీలు, బ్యాకప్‌లు తీసేశాక క్లౌడ్ బిల్లు నెలకు లక్షా పాతిక వేల దాకా తగ్గింది, అంటే ఏడాదికి 15 లక్షలు. మీకు ఇంత రాకపోవచ్చు, కానీ చూడకుండా వదలకండి. చెరిపేముందు కాంట్రాక్టుల్లో, చట్టాల్లో ఎంతకాలం దాచాలని ఉందో మాత్రం లీగల్‌తో సరిచూసుకోండి. తొందరపడి తీసేసి తర్వాత తల పట్టుకున్నవాళ్ళను కూడా చూశాను.

85 లక్షల్లో ఏముంది?

మీరు వివరాలు రాయలేదు. కానీ అందులో ముప్పై నలభై లక్షలు ఏదో పెద్ద ప్రైవసీ టూల్ లైసెన్స్ అయితే, దాన్ని ముందు తీసేయండి. 350 మంది కంపెనీకి మొదటి ఏడాది అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఏ డేటా ఎక్కడుందో తెలియని చోట టూల్ కొంటే, దాన్ని నింపే మనిషి కూడా ఉండడు. మొదటి ఏడాది మంచి ఎక్సెల్ షీట్, దాన్ని నిలబెట్టే ఒక గట్టి మనిషి చాలు.

ఎన్‌క్రిప్షన్ (డేటాను ఇతరులు చదవలేని కోడ్‌గా మార్చడం), యాక్సెస్ కంట్రోల్ (ఎవరు ఏది తెరవగలరో పరిమితం చేయడం) లాంటివి ఐటీ సెక్యూరిటీ బడ్జెట్‌లో ఇప్పటికే ఉన్నాయేమో చూడండి. రెండు చోట్లా అడిగితే నమ్మకం పోతుంది.

చట్టం ప్రకారం చేసి తీరాల్సినవాటిని వేరే పెట్టండి. వాటికి లాభం లెక్క వేయకండి. ఫైర్ ఎన్‌ఓసీకి, పీఎఫ్ రిటర్న్‌కు తిరిగి ఏమొస్తుందని ఎవరూ అడగరు. అక్కడ సీఎఫ్ఓ అడగాల్సింది “ఇంతకంటే తక్కువలో చేయగలమా” అని మాత్రమే, దానికి మీ దగ్గర జవాబు ఉండాలి.

మిగిలినదాన్ని ఒకేసారి అడగకండి. నేనైతే మొదట నాలుగు నెలలకు 20 లక్షల చుట్టూ అడుగుతాను. ఒక మనిషి జీతం, డేటా మ్యాప్, కస్టమర్ల ప్రశ్నలకు జవాబుల ఫైలు, కొత్త కాంట్రాక్ట్ నమూనా, డేటా పోయినప్పుడు ఎవరు ఏం చేయాలో ఒకసారి రిహార్సల్. నాలుగు నెలల తర్వాత మూడు అంకెలు చూపిస్తానని అదే నోట్‌లో మాట ఇవ్వండి: ఒక్కో కస్టమర్ ప్రశ్నావళికి పట్టిన గంటలు, చెరిపేసిన డేటా, పరిమితి లేని కాంట్రాక్టుల్లో ఎన్ని సరిచేశాం. తర్వాతి విడత వాటిని చూసే ఇవ్వమనండి. ఇలా విడతలుగా అడిగిన రెండు చోట్లా మొదటి విడత అదే మీటింగ్‌లో ఓకే అయింది.

ఒక సందర్భంలో మాత్రం ఈ దారి పనిచేయదు. కంపెనీకి మూడు నెలల జీతాలకే డబ్బు లేని పరిస్థితి ఉంటే ఏ లెక్కా వినరు. అప్పుడు డబ్బు అడగకుండా, టెస్టింగ్ సర్వర్లలోని అసలు డేటా తీసేయడం ఒక్కటి చేయించండి. అనుమతి, రెండు వారాంతాలు చాలు.

మీ నోట్ ఒక పేజీ దాటకుండా చూడండి. పైన ఇప్పుడు పెడుతున్న ఖర్చు, కింద మీరు అడుగుతున్నది, పక్కన ఏ అంకె ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ళ పేరు. సేల్స్ హెడ్ ఇచ్చిన అంకె పక్కన సేల్స్ హెడ్ పేరు ఉంటే, మీటింగ్‌లో దాని గురించి మాట్లాడేది ఆయనే. వీలైతే ముందు రోజు ఆయనతో ఒకసారి కూర్చుని ఆ అంకె మళ్ళీ సరిచూసుకోండి.